సరుకు పేరు: స్క్రాప్

మనిషన్నవాడు నూట ఇరవై కిలోలు దాటి బరువుండటానికి వీల్లేదని ఆసుపత్రి నమోదు అధికారి శివరామకృష్ణ గారు తేల్చేశారు. ఆయన కంప్యూటర్ అంతకుమించి తీసుకోదు. అది తీసుకోనిది లోకంలో లేనట్టే. వన్ టౌన్ సూరన్న మాత్రం ఉన్నాడు, అదీ ఆయాసపడుతూ.

కాలు వాచి పది రోజులు మంచం దిగకపోయేసరికి, కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరింది.

"రక్తం పల్చబడే ఇంజక్షన్ బరువును బట్టి ఇవ్వాలి," అన్నారు డాక్టర్ దేవిశ్రీ. "తక్కువైతే గడ్డ పెరుగుతుంది, ఎక్కువైతే లోపల రక్తం కారుతుంది. అసలు బరువు చెప్పండి."

వార్డులోని కాటా నూట ఇరవై దగ్గర ఆగి ఊరుకుంది. (దాని బాధ్యత అక్కడితో సరి.) శివరామకృష్ణ గారు అదే రాసుకుని, మిగతా సూరన్నకు వైద్యం వర్తించదన్నారు.

"కొంత మనిసికి మందేసి కొంత మనిసినొగ్గేత్తారేటండీ?" అంది అతని భార్య చిలకమ్మ.

"ప్రభుత్వ ముద్రున్న కాటా చీటీ తెండి, మారుస్తాం. నిబంధన పద్నాలుగు."

చిలకమ్మ తమ్ముడు అప్పలసూరి పోర్టులో లారీ నడుపుతాడు. ముద్రున్న కాటా అతనికి ఒక్కటే తెలుసు.

"పద బావా, లారీల కాటాకి. బొగ్గు తూసినోలు నిన్ను తూయలేరేటి?"

"ఊపిరాడతన్లేదురా..."

"తూకానికి ఊపిరెందుకు బావా!"

అంబులెన్సును సూరన్నతో ఒకసారి, అతన్ని దింపి ఒకసారి తూశారు. తేడా నూట అరవై. కాటా గుమాస్తా చలమయ్య అలవాటు ప్రకారం తేమ కింద పది కిలోలు తరుగు తీశాడు.

"సెమటకి తరుగేటి మావా?" అన్నాడు అప్పలసూరి.

"వానైనా సెమటైనా తడి తడేరా."

సరుకుల జాబితాలో మనిషి లేడు. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువు, స్క్రాప్ ఉన్నాయి. ఖనిజమంటే పర్మిట్ అడుగుతారని చలమయ్య స్క్రాప్ నొక్కాడు.

దేవిశ్రీ గారు తరుగు కలుపుకుని మందు లెక్క వేశారు. శివరామకృష్ణ గారు చీటీని రెండుసార్లు చదివారు. బరువు మీద ఆయనకు అభ్యంతరం లేదు. స్క్రాప్‌కు మంచం ఇచ్చే నిబంధన మాత్రం లేదు. అడ్మిషన్ రద్దు చేశారు. ఉచిత వైద్య పథకం కార్డూ దానితోపాటే రద్దయింది.

"మనిసినండీ బాబూ," అన్నాడు సూరన్న, మాట మాటకీ ఆగి.

"ఆధారం?"

మధ్యాహ్నానికి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి కాటా మూడు వందల దాకా తూస్తుంది, ముందు డబ్బు కడితే. పదకొండు రోజులకు సూరన్న నడిచి బయటికొచ్చాడు. బరువు తగ్గాలని డిశ్చార్జి కాగితంలో రాశారు. ఒక్క గ్రాము తగ్గలేదు. బిల్లు కింద పెందుర్తిలో నాలుగున్నర సెంట్ల జాగా పోయింది.