ప్లానరు కోసం వాకబు

కోటబొమ్మాళి నరసింగరావు ఆ పొద్దున్న తెల్లచొక్కా తొడుక్కుని విజయనగరం రైలుకు బయల్దేరాడు. మెట్టపొలం రోడ్డు విస్తరణలో పోయింది. దానికొచ్చిన పరిహారమే ఇక ఆ దంపతుల ముసలితనానికి ఆధారం. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పే ఫైనాన్షియల్ ప్లానరు, నవీన్ అని, విజయనగరంలో ఉన్నాడని ఎవరో చెప్పారు.

"ఆడి మాటలకి పడిపోయి సంతకాలెట్టీయకు. ఆ సీటీపాటలోడు నవ్వుకుంటూనే మన డబ్బట్టుకుని పారిపోనాడు. ముందు ఆల ఈదిలో నలుగుర్నీ అడుగు" అంది భార్య దాలమ్మ గుమ్మందాకా వచ్చి.

మనిషి గురించి వాకబు చేయడం నరసింగరావుకు ఒకే పద్ధతిలో తెలుసు. పెద్దకూతురి పెళ్ళికి చేసిన పద్ధతి. నవీన్ వీధిలో టీకొట్టు ముందు కూర్చుని గొంతు తగ్గించాడు. "కుర్రోడికి తాగుడేటైనా ఉన్నాదా? తల్లిని బాగా సూస్తాడా?"

టీకొట్టతనికి ఇట్టే అర్థమైపోయింది. ఎన్ని తగాదాలున్నా, సంబంధం వచ్చిన కుర్రాడి గురించి ఆ వీధిలో ఎవరూ చెడు చెప్పరు. "బంగారం బాబూ!" అన్నాడు. ఇస్త్రీబండి ఆయనా అదే అన్నాడు. నవీన్‌తో గోడ తగాదా ఉన్న పక్కింటావిడైతే ఏకంగా కళ్ళొత్తుకుంది.

రెండో టీ అయ్యేలోపు కబురు నవీన్ తల్లి లక్ష్మణమ్మకు చేరింది. మూడేళ్ళుగా సంబంధాల కోసం తిరుగుతున్న మనిషి. కొడుకు ఇంట్లో లేకపోయినా పరుగున వచ్చి, ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి సున్నుండలు పెట్టింది. "మీ అమ్మాయి పేరేటి అన్నయ్యగారూ? ఎప్పుడు పుట్టినాది?" నామినీ కోసమనుకుని చిన్నకూతురి వివరాలన్నీ చెప్పాడు. నక్షత్రం కూడా అడిగితే, ఎంత జాగ్రత్తగల సంస్థో అని ముచ్చటపడ్డాడు. ఆదివారం తామే ఇంటికి వస్తామంటే మరీ సంతోషించాడు.

ఆదివారం ఆటో దిగినవాళ్ళను చూసి దాలమ్మ బిత్తరపోయింది. "ఒక్కడొస్తాడన్నావు, ఇంతమందేటి?"

"పెద్ద కంపెనీ అయ్యుంటాది" అన్నాడు నరసింగరావు.

నవీన్ చేతిలో కాగితాల సంచి ఉంది. వెనకాల తల్లి పూలూ పళ్ళూ పట్టుకుంది, మేనమామ పట్టుపంచె కట్టాడు. చిన్నకూతురు శైలజ మంచినీళ్ళు తెచ్చేసరికి లక్ష్మణమ్మ ఆమె గడ్డం పట్టుకుని, "ముహూర్తాలు ఎప్పుడెట్టుకుందుము వదినా?" అంది.

"నాన్నా, ఈల్లు డబ్బు కోసం కాదు, నాకోసం వచ్చినారు" అంది శైలజ.

"క్లయింటు ఇల్లన్నావు కదమ్మా!" అన్నాడు నవీన్, ముఖం ఎర్రబడి.

నరసింగరావుకు అప్పుడర్థమైంది. వీధి వీధంతా మెచ్చుకున్నది పెళ్ళికొడుకుని. ప్లానరు గురించి ఒక్కరూ నిజం చెప్పలేదు. "పిల్లనిస్తానని రాలేదమ్మా. మా డబ్బు మీవోడికి అప్పజెప్పొచ్చో లేదో తెలుసుకుందామని వచ్చినాను" అన్నాడు దీనంగా.

సంబంధం చేజారిందన్న కోపంలో లక్ష్మణమ్మ ఇంక దాచలేదు. "ఈడికా? ఈడికి బతకడం ఏటి తెలుసు! సొంత మేనమావ పాలసీ కడతానని వస్తే, 'అందులో లాభం నాకే మావా, నీకు లేదు' అని పంపించీసినాడు. వచ్చే కమీషను పోయినాది. ఎవులొచ్చినా తన ఫీజెంతో ముందే మొగమ్మీద సెప్పేస్తాడు. ఇలాగైతే ఎప్పుడు బాగుపడతాడు?"

"నిజమే" అన్నాడు మేనమామ. ఆయనకు ఆ కోపం ఇంకా పోలేదు.

దాలమ్మ మొగుడివంక చూసింది. చీటీవాడు పారిపోయాక ఆమె ముఖంలో అంత నిబ్బరం నరసింగరావు చూడలేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"సంతకం ఎక్కడెట్టాల బాబూ?" అని అడిగింది దాలమ్మ.

"ముందు మీ అమ్మాయి చేత చదివించుకోండమ్మా" అన్నాడు నవీన్. తల్లి తల పట్టుకుంది.

డబ్బు సంగతి సాయంత్రానికల్లా తేలిపోయింది. పిల్ల సంగతే ఆలోచించి చెబుతామన్నారు. వచ్చే కమీషను వద్దనేవాడు సంసారం ఎలా ఈదుతాడని దాలమ్మ అనుమానం.