కాపీ ఒక ప్యాకేజీ, పేస్టు ఇంకో ప్యాకేజీ

ఒకే సాఫ్ట్‌వేర్‌ని పద్దెనిమిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోమనడం మానవజాతికి జరిగిన మహోపకారం! నవ్వకండి. ఆ ముక్కలు చేసిన కమిటీలో నేనూ ఉన్నాను.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అందుకని ఆఫీసులో ఏ పని అప్పజెప్పినా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తాను. మా కంపెనీది ఉత్తరాలూ దరఖాస్తులూ టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎక్కడ కోయాలి? మూడు వారాలు తర్జనభర్జన పడ్డాం. చివరికి మేనేజర్‌గారు లేచి, హాలంతా కలయజూసి, "ఏ వరసలో కూర్చున్నవాళ్ల పని ఆ వరస ప్యాకేజీ" అని తేల్చేశారు. ఎంత సులువు!

కిటికీ పక్క వరసది ప్రింటింగు. గోడవైపు వరసది ఫాంట్లు. కాపీ రాసినాయనకీ పేస్టు రాసినావిడకీ ఏసీ దగ్గర మాటామాటా వచ్చి ఆవిడ వరస మారిపోయింది. కనక కాపీ ఒక ప్యాకేజీ, పేస్టు ఇంకొకటి! వాక్యం కాపీ చేశాక, పేస్టు దిగేదాకా ఆ వాక్యం గురించి హాయిగా ఆలోచించుకోవచ్చు. ఇంత తీరిక మన తాతలకుందా? ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో చెప్పే 'సహాయం' కూడా ఇన్‌స్టాల్ చేసుకోవలసిందే. మొత్తం తీసిపారేసే ప్యాకేజీ మాత్రం అడక్కుండానే దిగుతుంది. దాని వరస తలుపు పక్కనే మరి!

మా అక్క బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. పన్నెండేళ్లకి సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయింది. శుక్రవారం నాలుగింటిలోగా దరఖాస్తు ఇవ్వాలి. పూట సెలవు పెట్టి, తెల్లకాగితం ముందేసుకుంది. నేనే ఆపాను. నాలాంటి తమ్ముడుండగా చేత్తో రాయడమా! ఇంట్లో కంప్యూటర్లో మా సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఆఫీసుకెళ్లాను.

రెండింటికి ఆఫీసుకి ఫోను. "ఒరేయ్, టైపు చేశాను. ప్రింటు ఏదిరా?"

"అది విడిగా దించుకోవాలక్కా."

దించింది. అది ఫాంట్లు కావాలంది. ఫాంట్లు భాష కావాలన్నాయి. భాష నిఘంటువు లేందే రానంది.

"ఇదేం చోద్యంరా? ఒకణ్ణి పిలిస్తే చుట్టాలంతా దిగుతున్నారు! పెన్నుతో రాసి పారేస్తాను, వదిలెయ్."

"ఇంకొక్కటే అక్కా!"

"గంట నించీ ఆ ఒక్కటే వింటున్నా."

ఏడో ప్యాకేజీ దిగాక ప్రింటు వచ్చింది. ఏం ప్రింటు! ఆ మార్జిన్లు కళ్లకద్దుకోవచ్చు! అక్క పరుగున వెళ్లేసరికి నాలుగూ పన్నెండు. గుమాస్తా కిటికీ మూసేశాడు. పోస్టు పెన్నుతో రాసిచ్చినామెకి వచ్చింది.

సోమవారం మీటింగులో మేనేజర్‌గారి ఆనందం చెప్పనలవి కాదు. శుక్రవారం ఒక్క మధ్యాహ్నమే ఏడుగురు కొత్త వినియోగదారులు చేరారట! దిగిన ఒక్కో ప్యాకేజీకీ ఒక్కో మనిషి లెక్క. అన్ని వరసలూ లేచి చప్పట్లు కొట్టాయి. సాఫ్ట్‌వేర్ వాడుకునే మనిషి కూర్చునే వరస ఏదండీ అని అడుగుదామనుకున్నాను. కొత్త ఉద్యోగం కదా, నేనూ చప్పట్లు కొట్టాను.

తర్వాత డౌన్‌లోడ్ల చిట్టా తీసి చూశాను. ఆ ఏడుగురూ మా అక్కే.

ఇంటికెళ్తే ఏడుగురిలో ఒక్కరూ నాతో మాట్లాడటం లేదు.