మూడోసారి అడగని మనిషి

ఆ ఉదయం ఎల్డన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చేప ముక్కలు వేయించుకు తినడం, కాఫీ తాగడం, చక్రాల మీద ఇల్లు లాంటి తన ట్రైలర్‌ని పికప్ బండికి తగిలించుకుని ఎవరి కంటా పడకుండా ఆ మినెసోటా సరస్సు ఒడ్డు నుంచి జారుకోవడం. ఇదే చివరిసారి అని తెలిస్తే క్యాంప్‌గ్రౌండ్‌లో వాళ్ళందరూ కేకులు పట్టుకుని వచ్చేస్తారు. అప్పుడు ఏడవకుండా ఉండటం తన వల్ల కాదు.

అమ్మకం మాట వసంతంలో వచ్చింది. మోకాలి నొప్పి మీద విసుగుతో, "ఇంకెందుకే ఆ ట్రైలర్, అమ్మేద్దామా?" అన్నాడు. భార్య ఆర్డిస్ ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాడు. ఆవిడ "నీ ఇష్టం" అంది. ఎల్డన్ ఆ జవాబు కోరుకోలేదు. మళ్ళీ అడిగితే ఆ మాటే ఖాయం చేస్తుందేమోనని భయపడి ఊరుకున్నాడు.

నిజానికి అక్కడివాళ్ళలో మొదటి జవాబుని ఎవరూ పట్టించుకోరు. కాఫీ ఇస్తానంటే వద్దనాలి. మళ్ళీ అడిగితే పర్లేదనాలి. మూడోసారి అడిగితే, "మీకు శ్రమ లేకపోతే, అర కప్పు" అనాలి. ఈ మర్యాద తెలియని మనిషి ఉంటాడని ఎల్డన్ ఊహించలేదు. ఆ మనిషి సరిగ్గా చేపలు వేగుతుండగా వచ్చాడు.

పేరు డొమినిక్. న్యూజెర్సీ నుంచి కొత్తగా వచ్చినవాడు, పెళ్ళాం పిల్లలతో పక్కనే డేరా వేసుకున్నాడు. రాత్రి వానకి డేరా సగం కూలింది.

"మేకులు కొట్టుకోవాలి, సుత్తి ఉందా పెద్దాయనా?"

"ఉంది, ఉంది. లోపలికి రా బాబూ, కాస్త కాఫీ తాగుదువు గానీ" అన్నాడు ఎల్డన్ మాటవరసకి.

"తప్పకుండా!" అని డొమినిక్ వచ్చి కూర్చున్నాడు.

ఎల్డన్ కప్పు తీసి కాఫీ పోశాడు. చేప ముక్కలు తినమంటే డొమినిక్ తిన్నాడు. ఇంకాస్త వేసుకోమంటే వేసుకున్నాడు. పళ్ళెంలో ఆఖరి ముక్క మిగిలింది. ఆ ప్రాంతంలో ఆఖరి ముక్క జోలికి ఎవరూ పోరు. దాన్ని సగం, ఆ సగంలో సగం కోసుకుంటూ పోతారే తప్ప పళ్ళెం ఖాళీ చెయ్యరు. డొమినిక్ దాన్ని ఒక్క గుటకలో మింగేశాడు. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకుతో అప్పుడే గుమ్మంలోకొచ్చిన పక్క ట్రైలర్ లవోన్ కళ్ళు తేలేసింది.

"ఆర్డిస్, ఆఖరి ముక్క తినేశాడే!" అని గుసగుసలాడింది.

"ఆకలి మీదున్నాడులే పాపం" అంది ఆర్డిస్.

డొమినిక్ బయటికొచ్చి ఎల్డన్ మడత కుర్చీలో వాలాడు. "భలే ఉందే!" అన్నాడు.

"నచ్చితే తీసుకెళ్ళు" అన్నాడు ఎల్డన్. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు మరి.

తీసుకెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. "పిల్లలు తడిసి ముద్దయిపోయారు. ఇలాంటి ట్రైలర్ ఒకటుంటే ఎంత హాయి!"

"అయితే ఇదే తీసుకో. ఎలాగూ అమ్మేద్దామనుకుంటున్నాం."

అన్న మరుక్షణం ఎల్డన్ నాలుక కరుచుకున్నాడు. డొమినిక్ మొహం వెలిగిపోయింది. "నిజంగానా? ఎంత?"

ఎల్డన్‌కి ఎక్కువ చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చి, చెప్పడానికే సిగ్గుపడేంత తక్కువ చెప్పాడు. డొమినిక్ అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఎల్డన్ తలుపులోంచి భార్య వైపు చూశాడు. బల్ల తుడుస్తున్న ఆర్డిస్ చెయ్యి ఆగింది.

"బాగుంది" అంది. అక్కడివాళ్ళు పెళ్ళి కబురుకీ చావు కబురుకీ కూడా అదే మాట అంటారు.

ఆర్డిస్ సామాను సర్దడం మొదలుపెట్టింది. కూతురు మొదటిసారి అట్లు పోస్తూ కాల్చిన నల్లమచ్చ గోడ మీద అలాగే ఉంది. వాన వెలియని సెలవుల్లో నలుగురూ మోకాళ్ళు తగులుకుంటూ పేకాడుకున్న బల్ల అదే. చీకటిపడితే దాన్నే దించి పరుపేస్తే పిల్లల మంచమయ్యేది, సరస్సు మీద లూన్ పక్షి ఏడుపులాంటి కూతకి వాళ్ళు దుప్పట్లో దూరేవాళ్ళు. ఎల్డన్‌కి ఆ రోజులు మళ్ళీ కావాలనిపించింది. ఆ మాట ఎవరితో చెప్పాలో తెలియలేదు.

ఇంతలో డొమినిక్ తన కారు తెచ్చాడు. ఆ బుల్లి కారు ఈ ట్రైలర్‌ని అంగుళం కూడా లాగలేదు. ఎల్డన్ ప్రాణం లేచొచ్చింది. కానీ నోరు ఊరుకోదు కదా.

"దానికేం, మా పికప్ పట్టుకెళ్ళు."

"దేవుడి లాంటివాడివి పెద్దాయనా! తాళాలేవీ?"

"ఎల్డన్, ఇంక నోరు మూసుకో!" అంది లవోన్. "ఇంకాసేపుంటే నన్ను కూడా ఇచ్చేసేలా ఉన్నావు."

డొమినిక్ ట్రైలర్ తలుపు లాగితే రాలేదు. "కింద ఆ మూల తన్నాలి బాబూ" అని చూపించబోయిన ఆర్డిస్ తలుపు మీద చెయ్యి వేసి అక్కడే ఉండిపోయింది. డొమినిక్ ఆవిడనీ ఎల్డన్‌నీ మార్చి మార్చి చూశాడు.

"మీకు అమ్మాలని లేకపోతే చెప్పండి, వదిలేస్తా."

"అబ్బే, అదేం లేదు" అన్నాడు ఎల్డన్. రెండోసారి అడుగుతాడని ఊపిరి బిగబట్టాడు.

"అయితే సరే" అని డొమినిక్ పికప్ ఎక్కి, ఎల్డన్ అందించిన తాళం తిప్పాడు.

"వద్దు! అమ్మం! మాకు కావాలి!"

అరిచింది ఆర్డిస్. ఆ అరుపుకి ఒడ్డున బాతులు లేచిపోయాయి. ఎంత మొరటుతనమోనని లవోన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆర్డిస్ సిగ్గుతో ఎర్రబడింది గానీ ఆగలేదు. మొగుడి వైపు తిరిగింది. "ఒక్కసారి అడిగి ఊరుకుంటావా? మళ్ళీ అడుగుతావేమోనని వేసవంతా చూశాను!"

ఎల్డన్ కళ్ళు తుడుచుకున్నాడు. అందరి ముందూ ఏడవనే ఏడ్చాడు.

డొమినిక్ పగలబడి నవ్వుతూ దిగాడు. "ఈ ముక్క పొద్దున్నే చెబితే పోయేదిగా! సరే, మరి కుర్చీ?"

"అది ఉంచుకో" అన్నాడు ఎల్డన్.

ఉంచుకున్నాడు. డొమినిక్ పిల్లల్ని ఆ రాత్రికి ట్రైలర్‌లో పడుకోబెట్టమంది ఆర్డిస్. ఆవిడ మాట పూర్తికాకముందే డొమినిక్ వాళ్ళని ఎత్తుకొచ్చేశాడు. బల్ల మళ్ళీ మంచమైంది.

సాయంత్రం మొగుడూ పెళ్ళాలు మిగిలిన ఒక్క కుర్చీనీ ఒకరికొకరు ఇచ్చుకుని, ఒకరూ కూర్చోక, సరస్సు ఒడ్డున నిలబడ్డారు.

"వచ్చే ఏడు కూడా వద్దామా?" అన్నాడు ఎల్డన్.

"నీ ఇష్టం."

ఈసారి బుద్ధిగా మళ్ళీ అడిగాడు. "వద్దామా?"

"నీ మోకాలు ఎలా ఉంటుందో ఏమో."

"వద్దామంటావా, ఆర్డిస్?"

"నీకు శ్రమ లేకపోతే" అంది ఆర్డిస్.