మహబూబ్ గిటారు, సర్కారువారి చెవి

ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు గెలవాలంటే నరసరావుపేటలో ఎవరూ పర్మిట్టు లేకుండా గట్టిగా వాయించకూడదని సర్కారువారు ఎంతో దూరం ఆలోచించి నిర్ణయించారు. బియ్యానికీ, గుడ్డకీ, కిరసనాయిలుకీ అప్పటికే కంట్రోలు వచ్చేసింది. ఇక మిగిలింది చప్పుడు. దానికీ ఒక ఆఫీసు తెరిచి, శబ్ద పరికరాల కంట్రోలు ఆఫీసు అని బోర్డు కట్టి, బోర్డు కింద ఒక బిళ్ళబంట్రోతును కూచోబెట్టారు. (ఆ ఆఫీసు తలుపు వీధి చివరి దాకా వినపడేట్టు కీచుమనేది. దానికి నాలుగు చుక్కల నూనె కావాలన్న అర్జీ నూనెల కంట్రోలు ఆఫీసులో పరిశీలనలో ఉండేది.)

ఆ ఆఫీసు గడప మొదట తొక్కినవాడు క్లారినెట్ మహబూబ్.

పేట బ్యాండుమేళంలో క్లారినెట్టంటే మహబూబే. కోటప్పకొండ తిరణాలకు ప్రభ కట్టే ఊళ్ళవాళ్ళు ముందు మహబూబ్‌కు బయానా ఇచ్చి, ఆ తర్వాతే ప్రభకు కర్రలు చూసుకునేవాళ్ళు. అట్లాంటివాడు ఒకనాడు వినుకొండ నుంచి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో వస్తుంటే, బస్సు గుంటలో పడి లేచింది. మహబూబ్ మూతి ముందు సీటు కమ్మికి తగిలింది. పైపళ్ళు ఊడి చేతిలోకి వచ్చాయి. ఆ తర్వాత క్లారినెట్టు ఎన్నిసార్లు నోట పెట్టినా స్వరం రాలేదు, గాలి వచ్చింది.

మేళంవాళ్ళు పెద్దమనసు చేసుకుని చేతికి తాళాలిచ్చారు. అన్నేళ్ళు ముందు నడిచినవాడు వెనక వరసలో తాళాలు కొట్టుకుంటూ నడిచి, ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

కొన్నాళ్ళు చూసి భార్య జమీలా అంది: "పోయింది పళ్ళేగా, చేతులు కాదుగా. చేత్తో వాయించేదేదన్నా చూసుకోవయ్యా. గోడ మాత్రం ఎంతకాలమని నీ మొహం చూస్తది?"

అలీ సాహెబ్ సైకిళ్ళ షాపులో ఒక రేడియో ఉండేది. అందులో ఒక సాయంత్రం మద్రాసు నుంచి ఎవరో ఎలక్ట్రిక్ గిటారు వాయించారు. స్వరం స్వరానికి తెగకుండా జారుతోంది, గొంతుతో పాడినట్టు, అచ్చం ఊపిరి పట్టి ఊదినట్టు. మహబూబ్ షాపు మెట్టు మీద కూలబడిపోయాడు.

"భాయ్, ఇది నాకు కావాలి" అన్నాడు.

అలీ సాహెబ్ సైకిళ్ళతోపాటు గ్రామఫోన్లు కూడా అమ్ముతాడు గనక, సంగీతంలో ఆయన మాటకు తిరుగులేదు. ఎలక్ట్రిక్ గిటారును ఆయన కళ్ళతో చూడలేదు. అందువల్ల ఆయన సలహాకు అడ్డూ ఆపూ కూడా లేదు. మద్రాసు కంపెనీ బొమ్మల పుస్తకం తెరిచి మొదలుపెట్టాడు.

"ఇందులో రెండు రకాలున్నయ్. ఒళ్ళో పడుకోబెట్టి వాయించేది ఒకటి, మెడకు తగిలించుకునేది ఇంకోటి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒళ్ళోదే మంచిది."

"ఊరేగింపులో నడిచేవాడికి ఒళ్ళు ఎక్కడుంటది భాయ్?"

"సరే, మెడది. దీని చప్పుడు దీనికే వినపడదు. ఆంప్లిఫైయరని పెట్టె ఉంటది, అది పెద్దది చేసి వినిపిస్తది. చిన్న పెట్టె తీసుకో. కొత్తవాడి తప్పులు నలుగురికీ వినపడవు."

"డప్పుల పక్కన దాని ఒప్పులు కూడా వినపడవు. పెద్దదే తెప్పియ్. బ్యాటరీతో నడిచేది."

మెడకు తగిలించుకునే గిటారూ, పెద్ద పెట్టే మద్రాసు నుంచి దిగాయి. షాపులోనే ఆగాయి. పర్మిట్టు లేకుండా గడప దాటిస్తే అలీ సాహెబ్ సైకిళ్ళు కూడా గడప దాటవు.

కంట్రోలు ఆఫీసరు గోపాలకృష్ణయ్య గారు ధర్మాత్ముడు. అర్జీదారును నిలబెట్టే మాట్లాడతారు గానీ, మర్యాదగా మాట్లాడతారు. ఆయన మహబూబ్ అర్జీని రెండువైపులా చూశారు. (వెనకవైపు ఏమీ లేదు. అక్కడే ఎక్కువసేపు చూశారు.)

"నువ్వు విద్వాంసుడివా, అభ్యాసకుడివా?"

"క్లారినెట్టులో చానా ఏళ్ళ నుంచి ఉన్నానండీ. గిటారు కొత్త."

"అయితే రెండూ నువ్వే. ఆంప్లిఫైయరు విద్వాంసులకే ఇవ్వాలి, వాళ్ళది నలుగురూ వినదగ్గది గనక. నువ్వు విద్వాంసుడివి, కాబట్టి అది తీసుకుపో. గిటారు దగ్గర మాత్రం అభ్యాసకుడివి. దాని తీగలు ఉక్కువి. యుద్ధంలో ఉక్కు ఎంత అవసరమో నీకు తెలియంది కాదు. ముందు బాగా వాయించగలవని రుజువు చేస్తే, అప్పుడు గిటారు."

"గిటారు లేకుండా వాయించడం ఎట్టాగండీ?"

"అందుకే దాన్ని పరీక్ష అన్నారు" అన్నారు గోపాలకృష్ణయ్య గారు జాలిగా. "పరీక్ష రోజు సాయంత్రానికి మాత్రం షాపు నుంచి తెచ్చుకోవచ్చు. ఇంకో చిన్న షరతు. సర్కారువారి మీటింగులకు అడిగినప్పుడల్లా నీ ఆంప్లిఫైయరు పట్టుకుని రావాలి."

ఆ చిన్న షరతు పెద్దదని మహబూబ్‌కు వారం తిరక్కుండా తెలిసింది. యుద్ధనిధి మీటింగు ఒకటి, పొదుపు మీటింగు ఒకటి, వృథా మీటింగులు తగ్గించాలని ఇంకో మీటింగు. గోపాలకృష్ణయ్య గారు అప్పటిదాకా నలుగురిలో నోరెత్తని మనిషి. ఆ పెట్టెకు తగిలించిన మైకు ముందు తన గొంతు అంత లావుగా వినపడేసరికి, అంత గొంతు ఇన్నాళ్ళూ దేశానికి దక్కకుండా పోయిందేనని ఆయనకు నిజంగానే బాధ కలిగింది. ఆ లోటు తీర్చడం మొదలుపెట్టారు. నూజెండ్లలో మాట్లాడారు, బొల్లాపల్లిలో మాట్లాడారు. మహబూబ్ ఎద్దుబండిలో పెట్టె పక్కన కూచుని ఊరూరా తిరిగాడు.

పెట్టె ఊళ్ళ మీద ఉంటే గిటారు షాపులో ఉండేది. మహబూబ్ ఊళ్ళో ఉన్న సాయంత్రాల్లో సైకిలు ట్యూబుల మధ్య కూచుని, గిటారు చెక్కకు చెవి ఆనించి నేర్చుకునేవాడు. పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడు క్లారినెట్టు మీద వాయించే పాత వరస ఒకటి అతనికి ప్రాణం. దాన్నే వేళ్ళకు పట్టించాడు. వేళ్ళ కొసలు పగిలాయి, తర్వాత కాయ కాశాయి. ఒకరోజు జమీలా అన్నం తెచ్చి, తనూ చెక్కకు చెవి పెట్టింది.

"వినపడతందా?" అన్నాడు మహబూబ్.

"నీ గుండె చప్పుడే ఎక్కువ వినపడతంది. దాన్ని కాస్త మెల్లగా కొట్టుకోమను" అంది. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అదే వరస. అట్టాగే ఉంది" అంది.

చివరికి పరీక్ష తేదీ వచ్చింది. గుంటూరు నుంచి శబ్ద తనిఖీదారు పగటి రైలుకు దిగి, రాత్రి రైలుకు వెళ్ళిపోతారు. వాయించేవాడి మొహం చూస్తే దయ పుట్టవచ్చనీ, చెయ్యి చూస్తే అందులో ఏదైనా ఉండవచ్చనీ, తనిఖీదారు రెండు ఫర్లాంగుల దూరంలో కూచుని వినాలని నిబంధన. అంచేత రైలు స్టేషన్లో ఆయనకు కుర్చీ వేశారు. మహబూబ్ హైస్కూలు మైదానంలో వాయించాలి.

అదే సాయంత్రం, అదే మైదానంలో గోపాలకృష్ణయ్య గారు యుద్ధనిధి మీటింగు పెట్టుకున్నారు.

మహబూబ్ గిటారును దుప్పట్లో చుట్టుకుని వేదిక పక్కకు వచ్చాడు. "అయ్యా, ఇవ్వాళ నా పరీక్షండీ. తనిఖీదారు గారు స్టేషన్లో కూచున్నారు."

"కూచోనీ. రెండు ముక్కలు చెప్పి దిగుతాను, ఆ తర్వాత తెల్లవార్లూ వాయించుకో" అన్నారాయన, మైకు తన ఎత్తుకు సరిచేసుకుంటూ.

మొదటి ముక్క గంటసేపు పట్టింది. జనం కదిలేసరికి బంట్రోతులు వెళ్ళి గేటు మూశారు. మహబూబ్ దుప్పటి విప్పి, వేళ్ళు తీగల మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు గారు ఎక్కడైనా ఆగితే, ఊపిరి తీసుకున్నంతసేపు దొరికితే చాలు, గిటారు వైరు పెట్టెకు తగిలించి మొదటి చరణమైనా వినిపిస్తాననుకున్నాడు. గోపాలకృష్ణయ్య గారు "ఇక ముగిస్తాను" అని నాలుగుసార్లు అన్నారు. ప్రతిసారీ మహబూబ్ ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వేశాడు. ఉపన్యాసం ఇంకా నడుస్తుండగానే స్టేషన్లో రైలు కూత పెట్టింది. మహబూబ్ గిటారును మళ్ళీ దుప్పట్లో చుట్టాడు.

కొన్నాళ్ళకు ఆఫీసుకు పిలుపొచ్చింది. గోపాలకృష్ణయ్య గారు తనిఖీదారు నివేదిక తీసి, మైకులో లాగే చదివారు:

"'దూరం వల్ల శబ్దం మాత్రమే వినిపించింది. వాయించినవాడు అభ్యాసకుడే అనడంలో సందేహం లేదు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే స్వరం. లయ లేదు. మధ్యలో దగ్గు. నాలుగుసార్లు ఆపినట్టే ఆపి, మళ్ళీ మొదటికి వచ్చాడు. ఇతని చేతికి పరికరం ఇవ్వడం ప్రజలకు మంచిది కాదు.'"

కాగితం బల్ల మీద పెట్టి మహబూబ్ వైపు చూశారు. ఆ చూపులో నిజమైన విచారం ఉంది.

"ఏమోయ్ సాయిబూ, వాయించడం రాకపోతే పోనీ. ఎదుటివాళ్ళ అవస్థ అన్నా చూసుకోవద్దా?"

మహబూబ్ బోసి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్పొచ్చు. చెబితే పెట్టె పర్మిట్టు కూడా పోద్ది, అలీ సాహెబ్ షాపుకు తాళం పడుద్ది. తువ్వాలు చాటు నుంచి మెల్లగా అన్నాడు: "జనం లేచిపోతే తెలిసొచ్చేదండీ. గేటు మూశారు."

"అదీ నిజమే" అని ఒప్పుకున్నారు ఆఫీసరు గారు. "గేటు మూయకుండా ఉండాల్సింది."

గిటారు మద్రాసుకు తిరుగు రైలెక్కింది. దాన్ని సర్దిన చెక్కపెట్టెకు మేకులు మహబూబే కొట్టాడు. ఆ ఆదివారం గురజాల మీటింగుకు ఆంప్లిఫైయరు బండిలో వేసుకుని వెళ్ళాడు.

నివేదిక అడుగున గోపాలకృష్ణయ్య గారు "పై అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టారు. యుద్ధం ముగిసి ఆ ఆఫీసు ఎత్తేసేదాకా అక్కడి నుంచి వెలువడిన ఉత్తర్వుల్లో అక్షరం పొల్లుపోకుండా నిజమైనది అదొక్కటే.