ఇరవై నాలుగు సంతకాల తలనూనె

ఆ రోజు పొద్దున మంజులత వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదింటికి కంప్యూటర్ తెరవాలి. నిన్న టైపు చేసి పెట్టిన నీళ్ల వంతుల పట్టిక అచ్చు తీయాలి. తూము కింది ఇరవై నలుగురు రైతులతో సంతకాలు చేయించాలి. పన్నెండు కాకముందే బాన్సువాడ కాలువ ఆఫీసులో ఇచ్చేసి, వచ్చేటప్పుడు పావుకిలో అల్లం తెచ్చుకోవాలి. ఇందులో కష్టమైంది అల్లం ఒక్కటే. ఈ మధ్య మంచిది దొరకడం లేదు.

మంజులత, ఆమె భర్త పండరిల పొలం తూము కాలువకు చిట్టచివర ఉంది. పోయిన యాసంగిలో పై పొలాలన్నీ తడిసి, గట్లు తెగి, కోళ్లు కూడా ఈత నేర్చుకున్నాక గానీ వాళ్ల మడికి నీళ్లు రాలేదు. అప్పటికి నారు పసుపు రంగుకు తిరిగింది. అందుకని ఈసారి రైతుల మీటింగులో ఆమె లేచి నిలబడి, మూడు గంటలు కూర్చోకుండా కొట్లాడి, మొదటి వంతు చివరి పొలాలకే అని అందరిచేతా ఒప్పించింది. కాలువ మొదట్లో పొలం ఉన్న హరనాథబాబు కూడా తలూపాడు. ఆయన పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఈ కాలువ కింద స్థిరపడ్డవాళ్లు. ఒప్పందం బాగానే ఉంది. కానీ టైపు చేసిన పట్టిక పన్నెండులోపు అందకపోతే పోయినేటి పట్టికే అమలవుతుంది. అంటే నారు మళ్లీ పసుపు రంగే.

కంప్యూటర్ కూతురు వైశాలిది. ఆమె నిజామాబాదుకు చదువుకోవడానికి వెళ్తూ కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోవడంతో, పాతది ముందు గదిలో పండరికి మిగిలింది. పండరి మంచివాడు. అతనిలో రెండు గుణాలున్నాయి. ఒకటి, ఎవరేం అడిగినా వద్దనలేడు. రెండు, ఏ కాగితం ముందుపెట్టినా సంతకం ఎక్కడో వేలు చూపిస్తే చాలు, పెట్టేస్తాడు. పైన ఏం రాసి ఉందో చదివితే ఎదుటి మనిషిని నమ్మలేదన్నట్టు అవుతుందని అతని భయం. ఈ రెండో గుణం అతనొక్కడిదే కాదు. తూము కింది ఇరవై నలుగురిదీ అదే మర్యాద.

పోయిన మంగళవారం పండరి వాతావరణం చెప్పే ఉచిత ప్రోగ్రాం ఒకటి దించుకున్నాడు. అది ఎనిమిది సార్లు ఏదో అడిగింది. ఎనిమిది సార్లూ అతను "నెక్స్ట్" అని ఉన్న చోటే ఒత్తాడు. అప్పటి నుంచి తెర మూలన చిన్న చిన్న పెట్టెలు మొలవడం మొదలైంది.

మంజులత వంటింట్లో జొన్నపిండి పిసుకుతూ కేక వేసింది. "ఏమయ్యా, గా పట్టిక తెరిచే పెట్టిన. ప్రింటు ఒక్కటి కొట్టు. హరనాథన్న వచ్చే యాల్లయింది."

"కొడ్తున్న గాని, గీ పెట్టె అడ్డమొస్తుంది."

"ఏం పెట్టె?"

"రమ్మంటవా, వద్దంటవా అని అడుగుతుంది."

"నువ్వేమన్నవ్?"

"రమ్మన్న. వాకిట్లకొచ్చి అడిగినోన్ని వద్దంటమానే?"

ఒకదాన్ని లోపలికి పిలవగానే దాని చుట్టాలంతా దిగారు. రమ్మీ ఆడమని ఒకరు, కారు గెలిచావని ఒకరు, మోకాళ్ల నొప్పులని ఒకరు. పండరి అందరినీ సమానంగా ఆదరించాడు. చివరకు తెరంతా పరుచుకున్న ఒక ఆకుపచ్చ పేజీ వచ్చి పట్టిక మీద కూర్చుంది. అతను ప్రింటు ఒత్తాడు. ఒకసారి ఒత్తితే వినపడిందో లేదో అని ఇంకోసారి ఒత్తాడు.

ప్రింటర్ మూలిగి ఒక కాగితం వదిలింది. రంగు అయిపోవచ్చినందువల్ల పైన బొమ్మ, పెద్ద అక్షరాలు పొగలాగా వచ్చాయి. కింద మాత్రం గళ్ల పట్టిక స్పష్టంగా ఉంది. మొదటి రోజు, రెండో రోజు, అలా ఏడు రోజులు, ఉదయం, సాయంత్రం, "కుదుళ్లు బాగా తడవాలి." పండరికి రోజులు కనిపించాయి, పూటలు కనిపించాయి, తడవడం కనిపించింది. ఇంకేం కావాలి? అడుగున ఖాళీలో తన సంతకం పెట్టి, నాలుగు మడతలు పెట్టి, అప్పుడే గేటు ముందు బండి ఆపిన హరనాథబాబు చేతిలో పెట్టాడు.

"బాబన్నా, మనోల్లంత బస్టాండు హోటల్ కాడున్నరు. సంతకాలు పెట్టిపిచ్చి, అటే ఆఫీసుల ఇచ్చి ముద్ర ఏపిచ్చుకో."

"అలాగేనండి. ఒకసారి చదవమంటారా?"

"మంజుల టైపు చేసింది. ఇగ చదువుడెందుకు?"

"అదీ నిజమేలెండి," అని ఆయన బండి తిప్పాడు.

పావుగంట తర్వాత ఇల్లు అదిరింది. బతుకమ్మ పాటల కోసం వైశాలి తగిలించిన రెండు పెద్ద స్పీకర్లలోంచి సైరన్ మోగుతోంది. మధ్య మధ్య ఒక ఆడగొంతు: "హెచ్చరిక! మీ కంప్యూటర్‌లో నలభై ఏడు వైరస్‌లు ఉన్నాయి! వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి!"

పక్కింటి దేవీబాయి నిండు బకెట్‌తో గోడ దాటి వచ్చింది. "ఏం కాలుతుందక్కా? ఎక్కడ పొయ్యాలె?"

మంజులత పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చేసరికి పండరి ఫోన్ చెవికి పెట్టుకుని "హా సార్, హా సార్" అంటున్నాడు. అవతలివాడు ఇంకో ప్రోగ్రాం దించుకొమ్మంటున్నాడు. అది దించుకుంటే ఈ కంప్యూటర్‌ను వాడు అక్కడి నుంచే నడుపుతాడట. పండరి వేలు అప్పటికే "నెక్స్ట్" మీదికి పోతోంది. మంజులత ఫోన్ లాక్కుంది.

"ఎవలు నువ్వు?"

"మేడమ్, మీ కంప్యూటర్ చాలా ప్రమాదంలో ఉంది."

"నా ఇంట్ల నలభై ఏడున్నయని నీకెట్ల ఎరుక? నువ్వే లెక్కవెట్టి తోలినవా?"

"ఐదు నిమిషాల్లో మొత్తం పోతుంది మేడమ్!"

"పోనీ. నువ్వు మాత్రం రాకు."

ఫోన్ పెట్టేసి, గోడకున్న ఇంటర్నెట్ తీగ పీకేసింది. సైరన్ ఠక్కున ఆగింది. దేవీబాయి కొంచెం నిరాశగా బకెట్ నీళ్లు బంతిచెట్లకు పోసి వెళ్లిపోయింది.

అప్పుడు మంజులత కళ్లు ప్రింటర్‌లో మిగిలిన రెండో కాగితం మీద పడ్డాయి. వెలుతురుకు పట్టుకుని పొగలాంటి అక్షరాలు కూడబలుక్కుంది. ఏడు రోజుల్లో బట్టతల మీద ఒత్తైన జుట్టు. మూలికల తలనూనె. కింద ఇంటర్నెట్ చిరునామా.

"గిదేంది?"

"పట్టిక."

"చదివినవా?"

"చదువుడెందుకు, నువ్వే టైపు చేసినవ్ గద!"

ఆమె హరనాథబాబుకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. బండెక్కితే ఆయన ఫోన్ మోగకుండా చేసి డిక్కీలో పడేస్తాడు. ఆ మంచి అలవాటును మంజులత మనసారా తిట్టుకుంది. "ఉరుకు! హోటల్ కాడ ఆపు ఆయనను!" అని పండరిని తరిమి, తను కుర్చీలో కూలబడింది.

సైరన్ ఆగింది గానీ ఆకుపచ్చ పెట్టె పోలేదు. మూస్తే మళ్లీ లేస్తోంది, లేచి మళ్లీ పట్టిక మీదే కూర్చుంటోంది. చేతిరాత పట్టిక ఆఫీసులో తీసుకోరు. కంప్యూటర్ రిపేరు దుకాణం హీరాలాల్‌కు ఫోన్ చేసింది.

"అక్కా, గది మొత్తం ఫార్మాట్ కొట్టాలె."

"కొడ్తే లోపలున్నయి ఉంటయా?"

"ఏం ఉండయి. కొత్త లెక్కనే."

"పట్టిక పెన్‌డ్రైవ్‌ల పట్టుకొస్త, నువ్వు ప్రింటు కొట్టియ్యి."

"వద్దక్కా, దండం పెడ్త. గా బీమారి నా దుకాణంల వద్దు."

"నారుమడిల కలుపొస్తే మడినంత దున్నుకుంటనా హీరాలాల్? నేనే ఏరుత," అని పెట్టేసింది.

కలుపు ఏరడం ఆమెకు కొత్త కాదు. ఊద గడ్డి వరిలాగానే ఉంటుంది, వరి పక్కనే నిలబడుతుంది, వరికంటే అమాయకంగా గాలికి ఊగుతుంది. కళ్లు మోసపోతాయి గానీ మొదలు పట్టుకుంటే తెలిసిపోతుంది. ఆమె కంప్యూటర్‌లోని ప్రోగ్రాంల జాబితా తెరిచి, వచ్చిన తేదీల వరుసలో పెట్టింది. పోయిన మంగళవారం ఒకే నిమిషంలో ఐదు దిగాయి. వాతావరణం చెప్పేదాని వెనకాల వేగం పెంచేదట, ధరలు పోల్చేదట, వెతకడానికి సాయపడేదట, పేరే లేనిది ఒకటి. అన్నీ పెద్దమనుషుల పేర్లే.

మొదటిదాన్ని తీసెయ్యబోతే అది బతిమాలింది. "నిజంగా మమ్మల్ని పంపించేస్తారా?" అని అడిగి, "ఉంచు" అని అరచేయంత పచ్చటి మీట పెట్టి, "తీసెయ్" అని చీమంత అక్షరాలు మూలన దాచింది. "ఏడ్సినా ఉంచ," అని మంజులత చీమను ఒత్తింది. ఐదూ పోయాయి. తర్వాత ఇంటర్నెట్ చూసే ప్రోగ్రాం లోపలికి వెళ్లి, పండరి లోపలికి రమ్మన్నవాళ్ల జాబితా చూసింది. ముప్పై ఒక్కమంది! ఇంత మంది వాళ్ల పెళ్లికి కూడా ముందురోజు రాలేదు. ఒక్కొక్కరికీ అనుమతి తీసేసింది. దానికి తోకల్లా అతుక్కున్న రెండు పిల్ల ప్రోగ్రాంలను కోసేసింది. మొదటి పేజీని పాతదానికి మార్చింది. చివరకు కంప్యూటర్‌లో ముందు నుంచీ ఉన్న కాపలా ప్రోగ్రాంతో ఒకసారి అంతా గాలించి, ఆపి మళ్లీ తెరిచింది.

తెర ఖాళీగా, మడి కట్టినట్టు ప్రశాంతంగా ఉంది. పెట్టెలు లేవు. మిగిలిన రంగుతోనే అసలు పట్టిక అచ్చయింది.

గుమ్మంలో పండరి రొప్పుతూ నిలబడ్డాడు. "అందరు సంతకాలు పెట్టిన్రట. బాబన్న ఎప్పుడో ఆఫీసుకు పోయిండు."

"ఒక్కడన్న చదివిండా?"

"ఎందుకు చదువుతరు? మనం పంపిచ్చినం గద!"

ఇద్దరూ ఆటో పట్టుకుని ఆఫీసు చేరేసరికి గోడ గడియారం పన్నెండూ ఏడు చూపిస్తోంది. బల్ల మీద హరనాథబాబు తృప్తిగా కూర్చుని ఉన్నాడు. "పదకొండున్నరకే ఇచ్చేశానమ్మా. ముద్ర వేయించిన నకలు ఇదిగో!"

"అన్నా, పాత పట్టిక ఉంటే మొదటి నీళ్లు నీకే," అంది మంజులత. "నిజం చెప్పు. తెలిసే ఇచ్చినవా?"

"ఏంటమ్మా ఆ మాట? పండరి గారి కింద మొట్టమొదటి సంతకం నాదే, చూడు!" అని నకలు విప్పాడు. సంతకం చూపించబోయి, మొదటిసారి సంతకానికి పైన చూశాడు. కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. "తలనూనెనా?"

కిటికీ వెనక గుమాస్తా బసవపున్నయ్య మంజులత చేతిలోని కొత్త పట్టిక వైపు, తర్వాత గడియారం వైపు చూశాడు. ఆయన తల ట్యూబులైటు వెలుగులో నున్నగా మెరిసింది.

"పన్నెండు దాటిందమ్మా. ఇప్పుడు తీసుకోవడానికి లేదు. పాత పట్టికే."

"మా పట్టిక పదకొండున్నరకే అందింది సార్. ముద్రుంది, టైముంది, మీ సంతకముంది."

"అది పట్టిక కాదమ్మా, నూనె ప్రకటన అంటున్నారుగా!"

"మరి ముద్రేసేటప్పుడు ఎందుకు చెప్పలే?"

బసవపున్నయ్య పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "రోజుకు నలభై కాగితాలొస్తాయి. అన్నీ చదువుతూ కూర్చుంటామా?"

"అయితే మంచిది," అంది మంజులత, కిటికీ చువ్వ పట్టుకుని. "చదివే తీస్కున్న అంటరా, గా కాగితం లెక్కనే నీళ్లిడువుండ్రి. ఏడు రోజులు, పొద్దున, సాయంత్రం, కుదుళ్లు తడిసేదాక. మాకేం ఇబ్బంది లేదు. చదవకుంట ముద్రేసిన అంటరా, గదే రాసియ్యుండ్రి. పై సార్‌కు చూపిస్త. రెండిట్ల ఏదో ఒకటి కానియ్యుండ్రి. గప్పటిదాక నేను కదల."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. హరనాథబాబు కూడా లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "నేనూ కదలనండి. తలనూనెకు మొదటి సంతకం పెట్టిన మనిషిని, ఇంక నాకు పోయేదేముంది?"

బసవపున్నయ్య స్టాప్లర్ దగ్గరికి జరుపుకున్నాడు. ముద్ర ఉన్న కాగితం ఒకటో పేజీ, కొత్త పట్టిక రెండో పేజీ. సంతకాలన్నీ నూనె మీదే ఉన్నాయి కనుక దాన్ని తీసేయడానికి వీల్లేదు. రెండూ కలిపి గుచ్చబోతుంటే మంజులత చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు చదువుండ్రి సార్. పైకి."

ఆయన చదివాడు. పండరి విన్నాడు. హరనాథబాబు విన్నాడు. వరుసలో ఉన్న ముక్కూమొహం తెలియని రైతులు కూడా విన్నారు. "మొదటి వంతు, చివరి పొలాలకు" అన్నచోట మంజులత రెండోసారి చదివించుకుంది. గుచ్చాక బసవపున్నయ్య ఒకటో పేజీ అడుగున ఉన్న చిరునామా వైపు ఒక్క క్షణం ఎక్కువ చూశాడు గానీ, ఆ హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు. అల్లం ఎవరికీ గుర్తు రాలేదు.

సోమవారం కాలువలో నీళ్లు వదిలారు. చివరి మడి మొదట తడిసింది. నారు పచ్చగా నిలబడింది. ఇంట్లో పండరి ఎంత మారాడంటే, మంజులత ఇంకో రొట్టె వేయనా అని అడిగినా, ఏ పిండి, ఎన్ని రోజులది, దాని వెనక ఇంకేమైనా వస్తుందా అని తెలుసుకున్నాకే తలూపుతున్నాడు.

నీళ్లొచ్చిన మూడో రోజు పొద్దున, కాలువ ఆఫీసులో బసవపున్నయ్య కంప్యూటర్‌లోంచి అదే సైరన్ మోగింది.