అత్తగారి బీరువాలో అపరాధ పరిశోధన

“నేరస్థుడన్నవాడు నేల మీద నడిచినంత కాలం నా కళ్లుగప్పలేడు!” అని ప్రకటించి, గడియారాల మెకానిక్ తన భూతద్దాన్ని ఎడమ కంటికి తగిలించుకున్నాడు. కుడికన్ను మూయడం మర్చిపోవడంతో గుమ్మాలు రెండు కనబడ్డాయి. లేని గుమ్మంలోంచి వెళ్లబోయి, ఉన్న గోడకు నుదురు కొట్టుకున్నాడు.

“కేసు మొదలైందా?” అంది భార్య వంటగదిలోంచి.

ఇంతవరకూ అతను విప్పిన కేసులన్నీ గడియారాలవే. వాటిలోనూ కొన్ని మళ్లీ మూతపడలేదు. ఈసారి మాత్రం వ్యవహారం ప్రాణాల మీదికే వచ్చింది. చిన్నప్పటి నుంచి కూడబెట్టుకున్న డిటెక్టివ్ నవలలు అలమరలోంచి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

“నా పద్ధతులు తెలుసుకోవడానికే ఏదో ముఠా వీటిని ఎత్తుకుపోతోంది,” అన్నాడు గొంతు తగ్గించి.

“మీ పద్ధతులా? కళ్లజోడు పెట్టుకునే, అది పోయిందని వీధంతా వెతికారు.”

“అది శత్రువును ఏమార్చడానికి!”

అలమర కింద సన్నటి కాగితపు చుట్టలు దొరికాయి. “సంకేత లిపి!” అని జేబులో వేసుకున్నాడు. అంతలో అత్తగారు ఎదురొచ్చింది. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి, రిటైరై, ఈ మధ్యే కూతురింటికి వచ్చిన మనిషి. ఆవిడ వేలికి ప్లాస్టరు, కొంగుకు జిగురు, జుట్టు ముడిలో అవే కాగితపు చుట్టలు. అల్లుడు అన్నిటినీ నిశితంగా పరిశీలించాడు.

“కూరలు తరిగేటప్పుడు జాగ్రత్త అత్తయ్యా. పైగా ఇంట్లో దొంగలు తిరుగుతున్నారు,” అని హెచ్చరించి పంపేశాడు.

అలమరకు ఎదురుగా ఉన్నది ఆవిడ గదే. ఆవిడ పక్కింటికి వెళ్లిన అదను చూసి, ఆ గదిలోని బీరువాలో దూరి, తలుపు సందులోంచి కాపు కాశాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. కాగితపు దుమ్ము ముక్కులోకి పోయి పెద్ద తుమ్ము వచ్చింది. ఆ ఊపుకు పైఅర ఊడి నెత్తిన పడింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. పరిశోధకుడు నవలలతో సహా దొర్లుకుంటూ వచ్చి, అప్పుడే గదిలో అడుగుపెట్టిన అత్తగారి పాదాల దగ్గర ఆగాడు.

“దొరికాయి!” అని కేక పెట్టి, ఆ తర్వాత చూశాడు.

ఒళ్లో పడిన నవల మధ్యలో పేజీలన్నీ పొరలు పొరలుగా చెక్కి ఉన్నాయి. లోపల ఒక వీధి, ఓ పక్కకు వాలిన దీపస్తంభం, కిటికీలకు పరదాల్లా వేలాడే అచ్చు వాక్యాలు. వీధి నడుమ గోరంత మనిషి వంగి, భూతద్దంతో అడుగుజాడలు వెతుకుతున్నాడు. ఆ జాడలు గుండ్రంగా తిరిగి అతని మడమల దగ్గరికే వచ్చాయి.

“ఇది... నేనా?”

“పోలిక కుదిరిందా?” అంది అత్తగారు బెరుగ్గా. “జీవితమంతా కత్తులు అందించాను అల్లుడుగారూ. కోసేది డాక్టర్లు. ఒక్కసారి నేనూ కోసి చూడాలనిపించింది. మనుషులైతే ఒప్పుకోరుగా! మీరు వద్దంటారేమోనని అడగలేదు.”

కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాడు. కానీ ఆ గోరంత మనిషికి తన బట్టతల, తిరగబడిన కాలరు కూడా ఉన్నాయి. తనను ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

“కనీసం ఇదొక్కటైనా వదిలేయాల్సింది అత్తయ్యా,” అన్నాడు చివరికి. “సగమే చదివాను. హంతకుడు తోటమాలే అని నా అనుమానం.”

“కాదు, వంటవాడు. కోసే ముందు చదువుతాగా! రెండో అధ్యాయంలోనే తెలిసిపోయింది.”

“దొంగ దొరికాడా?” అని భార్య తొంగిచూసింది.

“నా కళ్లుగప్పడం అంత తేలికా?” అన్నాడు, నెత్తిన బొప్పి తడుముకుంటూ.

ఆ సాయంత్రం అతనే మరో నవల తెచ్చి అత్తగారి ముందు పెట్టి, పక్కన కూర్చున్నాడు. కత్తులు అందించే ఉద్యోగం అతనికి దక్కింది. ఆవిడ అడిగిన కత్తి తప్ప అన్నీ అందించాడు.