తిట్టి కొన్న కారు

కార్ల కంపెనీల పెద్దలారా, ఈ గొడవకు కారణం మీరే. ఒకే బండిని నాలుగు మెట్లుగా కోశారు. కింది మెట్టులో చక్రాలూ స్టీరింగూ పెట్టి, మనిషికి అవసరమైనదాన్ని పైన ఎక్కడో దాచారు. దాన్ని అందుకోవాలంటే అక్కర్లేని మెరుపు కమ్ములకు కూడా డబ్బు కట్టాలి. మోకాలు అరిగిన మనిషి క్లచ్ లేని బండి అడిగితే, తలుపు పిడికి వెండిరంగు పూత కూడా అంటగడతారా? సిగ్గుండాలి. అయితే మీకు కంభం జయలక్ష్మి తగిలింది. బాగా తగిలింది.

జయలక్ష్మికి కంభంలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. సరుకు కోసం మార్కాపురం పోవాలంటే భర్త ఉమామహేశ్వర్లుకు తీరిక దొరకాలి. ఆయనకు తీరిక దొరికేసరికి పెళ్లిళ్ల సీజను వెళ్లిపోతుంది. అందుకని యాభై దాటాక క్లచ్ తొక్కే పనిలేని తమ్ముడి ఆటోమేటిక్ బండి మీద డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. అలాంటి బండి ఇంటికి వస్తే ఇక ఎవరినీ అడిగే పని లేదు. రాకపోతే ఆయన చొక్కా వెతుక్కుని, చెప్పులు వేసుకునేదాకా గడప దగ్గర నిలబడాలి. ఆమె పోరాటం ఆ గడపతోనే.

ఆ పొద్దున ఇడ్లీలు తింటూ పథకం వేశారు. ఆ ఇంట్లో తాతల నాటి నుంచి బేరానికి ఒక పద్ధతి ఉంది. మనసుపడ్డ వస్తువును అమ్మేవాడి ముందు తిట్టాలి. అక్కర్లేనిదాన్ని పొగిడి, ఎవడూ ఇవ్వని ధరకు అడగాలి. వాడు కుదరదంటాడు. అప్పుడు మొహం మాడ్చుకుని "పోనీ, ఇదన్నా ఇయ్యి" అంటూ అసలుదాన్ని చవగ్గా పట్టుకోవాలి. ఒకటే కట్టుబాటు. అడిగిన ధరకు వాడు ఒప్పుకుంటే మాత్రం కొని తీరాలి. మాట తప్పితే బజారులో తలెత్తుకోలేరు.

"ఆటోమేటిక్ వైపు ఎవరూ కన్నెత్తి చూడొద్దు," అంది జయలక్ష్మి. "టాప్ మోడలు గేర్ల బండి ఉంది సూడండి, పైన అద్దం తెరుచుకునేది, దాన్ని పొగడండి."

"వాడు నిజంగా ఇచ్చేస్తే?" అన్నాడు ఉమామహేశ్వర్లు.

"రెండు లక్షలు తగ్గించమంటా. ఏ పిచ్చోడు ఇస్తాడండీ?"

"అమ్మా, నాకు ఆ అద్దం నిజంగానే ఇష్టం," అంది కూతురు తనూజ.

"ఇంకా మంచిది. నీకు నటించే పని తప్పింది."

మార్కాపురం షోరూములో వాళ్లను చూసుకున్నవాడు శ్రీకాంత్, గిద్దలూరు మనిషి. మెడలో టై, నోట్లో చక్కెర. "రా పెద్దమ్మా, కూర్చో పెదనాయనా" అని కూల్ డ్రింకులు తెప్పించాడు.

జయలక్ష్మి ఆటోమేటిక్ బండి చుట్టూ తిరిగి మూతి తిప్పింది. "క్లచ్ లేని బండేంది నాయనా, ఉప్పెయ్యని పప్పు మాదిరి? రంగు చూడు, తుప్పుపట్టిన గంగాళం నయం."

ఉమామహేశ్వర్లుకు హుషారు వచ్చింది. టాప్ మోడలు ఎక్కి, పై అద్దంలోంచి తల బయటపెట్టి, ఎన్నికల్లో నిలబడ్డవాడిలా షోరూమంతటికీ దణ్ణం పెట్టాడు. "బండంటే ఇదీ! జన్మలో ఇట్లాంటిది ఎక్కలా!"

"రెండు లక్షలు తగ్గిస్తే ఇప్పుడే తీసుకుంటాం," అంది జయలక్ష్మి.

శ్రీకాంత్ అద్దాల గదిలో ఉన్న మేనేజరు మురళీధర్ వైపు చూశాడు. మురళీధర్ తల ఊపాడు.

"ఇచ్చేసినాం పెద్దమ్మా!"

పై అద్దంలో ఉమామహేశ్వర్లు దణ్ణం అట్లాగే నిలిచిపోయింది. జయలక్ష్మి కూల్ డ్రింకు బల్ల మీద పెట్టేసింది. మాట తప్పే వీలు లేదు. ఇక వాడి చేతే కాదనిపించాలి.

"ఇన్సూరెన్సు కూడా నువ్వే కట్టాల."

"కడతాం."

"సీటు కవర్లు, మ్యాట్లు, వెనక కెమెరా?"

"ఎయ్యిస్తాం."

"మూడేండ్ల సర్వీసు?"

"అది చెప్పాల్నా పెద్దమ్మా?"

ఆమెకు అడిగేవి అయిపోయాయి. చుట్టూ చూసింది. గోడ మీద పెద్ద గడియారం ఆడుతోంది. "ఆ గడియారం కూడా కావాల!"

శ్రీకాంత్ కుర్చీ ఎక్కి, గడియారం దించి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచి తనూజ ఒళ్లో పెట్టాడు. ఆ పక్కన బండ్లు చూసుకుంటున్న జనం అవి వదిలేసి వీళ్ల చుట్టూ చేరారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంతలో బంతిపూల దండ, కొబ్బరికాయ కూడా వచ్చాయి. దండ బండికి పడిందంటే బేరం ముగిసినట్టే. అంటే గేర్ల బండి, క్లచ్చు, మళ్లీ అదే గడప.

"ఏమండీ, దిగండి," అంది జయలక్ష్మి. తర్వాత ఏ కొట్టులోనూ ఎప్పుడూ చేయని పని చేసింది. నిజం చెప్పింది. "నాయనా, ఆ దండ ఆపు. నాకు ఆ ఆటోమేటిక్కే కావాల. మోకాలు సహకరించదు. నా బండి నేనే నడుపుకోవాల."

శ్రీకాంత్ మొహం వెలిగిపోయింది. "తెలుసు పెద్దమ్మా! గిద్దలూరులో మా నాయనది బట్టల దుకాణం. మీరు దాన్ని తుప్పుపట్టిన గంగాళం అన్నప్పుడే నాకు అర్థమైపోయింది. మీ నోటితోనే అడిగించాలని అన్నిటికీ సరేనన్నా. అయితే దాని మీద పైసా తగ్గదు. బోర్డు మీది ధరే."

ఉమామహేశ్వర్లు కుర్చీలో కూలబడ్డాడు. "పోనీలే జయా, కట్టేద్దాం. పరువు దక్కింది."

ఇంకెవరైనా అయితే అక్కడ సంతకం పెట్టేవాళ్లు. జయలక్ష్మి కాలు మీద కాలు వేసుకుంది. ముప్పై ఏళ్లు కొట్టు నడిపిన మనిషి ఆమె. నిమిషం సేపు శ్రీకాంత్ మొహాన్నే చూసింది. ఆ చూపు ముందు టై కట్టిన మెడ కొంచెం వంగింది.

"అయితే ఆటోమేటిక్ వద్దులే నాయనా. ముందు ఒప్పుకున్నదే ఇయ్యి. బిల్లు రాయి."

"ఏ… ఏది పెద్దమ్మా?"

"టాప్ మోడలు. రెండు లక్షలు తక్కువ. బండి బయటికి తియ్యి, దండెయ్యి."

"జయా!" అన్నాడు ఉమామహేశ్వర్లు. ఆమె చెయ్యి చూపి ఆపింది.

శ్రీకాంత్ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కంప్యూటరు వైపు చూశాడు. కంప్యూటరుకు చూసే దిక్కు లేదు.

"తియ్యవేం? నే చెప్పనా?" అంది జయలక్ష్మి. "ఆ సరుకు నీ దగ్గర లేదు. మా కొట్టులో లేని బిందెకి నేనూ ఇట్లనే ధర తగ్గిస్తా. గడియారం కూడా పీకి ఇచ్చినావు చూడు, అది ఇప్పుడు తలుచుకుంటే వచ్చింది నాకు అనుమానం. అమ్మేవాడు ఎవడన్నా ఒక్కదానికన్నా ఏడుస్తాడు నాయనా!"

మురళీధర్ గదిలోంచి బయటికి వచ్చాడు. "అదీ… ఆ మోడలు కంపెనీ ఆపేసిందమ్మా. ఇది చూపించడానికి పెట్టినది. అమ్మేది కాదు."

చుట్టూ ఉన్న జనం గొల్లుమన్నారు. "మాట తప్పినావు సారూ!" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"అనొద్దన్నా, పాపం," అంది జయలక్ష్మి. "మాట ఎట్ల నిలబెట్టుకోవాల్నో నేను చెప్తా. ఆ బండి లేదు. ఒప్పుకున్నవి ఉన్నాయి కదా? అవన్నీ తెచ్చి ఈ ఆటోమేటిక్‌కి తగిలించండి."

అరగంట సేపు మురళీధర్ లెక్కలు వేసి, ఫోన్లు చేసి, నీళ్లు తాగాడు. రెండు లక్షలు లక్ష అయింది. మిగతావన్నీ ఒప్పుకున్నవి ఒప్పుకున్నట్టే వచ్చాయి. గడియారం మాత్రం ఆమె తిరిగి ఇచ్చేసింది. వాళ్లకు ఇంటికి పోయే టైము తెలియాలి కదా అని.

గేటు దాకా సాగనంపుతూ శ్రీకాంత్ దణ్ణం పెట్టాడు. "పెద్దమ్మా, మా నాయన ఇక్కడ ఉంటే నిన్ను చూసి మురిసిపోయేవాడు."

"నువ్వు కూడా తక్కువోడివి కాదు నాయనా. వాళ్లిచ్చే జీతం చాలకుంటే మా దుకాణానికి రా."

వారం తిరిగాక బండి చేతికి వచ్చింది. కంభం వచ్చే తర్లుపాడు రోడ్డు మీద జయలక్ష్మి స్టీరింగు పట్టుకుని కూర్చున్న తీరు చూడాలి. లారీలు తప్పుకున్నాయి. గొర్రెల మంద తప్పుకుంది. ఆమె ఎవరి తీరికా చూడలేదు, ఎవరి చెప్పుల కోసమూ ఆగలేదు. మనిషంటే అట్లా ఉండాలి.

ఇక తక్షణం జరగాల్సింది ఒక్కటే: పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును కాలితో తొక్కడం ఉమామహేశ్వర్లు మానుకోవాలి.